స్క్రూడ్రైవర్ చెవి

ముప్పై రెండేండ్లు కాజీపేట డీజిల్ షెడ్డుల
బేరింగులు విన్న చెవి ఇది.
మొన ఇనుము మీద, పిడి చెవి గూబకు.
ఏ గోళీ అరిగిందో, ఎక్కడ గ్రీజు ఎండిందో
ఇంజన్ తానే చెప్పేది,
పక్కింటోళ్ల మీద చాడీ చెప్పినట్టు.

ఇయ్యాల నౌషాద్ సాబు హైదరాబాదు నుంచి
రెండు టర్న్‌టేబుళ్లు కార్ల తెచ్చిండు,
ఒక్కోదానికి సీటుబెల్టు పెట్టి.
ఒకటి రెండు లక్షల ఎనభై. ఇంకోటి నాలుగు దాటింది.
నాకు ఏరియర్స్ పడ్డ సంగతి
ఈయనకు ఎవరు చెప్పిన్రో!

నా దగ్గరున్నవి నలభై ఒక్క రికార్డులు.
రైల్వే ఇన్‌స్టిట్యూట్ పాత సామాన్ల వేలంల
కాలిరిగిన క్యారంబోర్డు స్టాండు, ఆగిపోయిన గోడ గడియారం,
తాళం పడ్డ రేకుపెట్టె: లాట్ నంబరు పదిహేడు.
లోపల ఏముందో తెల్వకనే
ఆరువందలకు పాట పాడిన.
తాళం పలగ్గొడితే అంతా ఇంగ్లీషు రాకే.
అట్టల మీద ఎవరో సెక్రటరీ పెన్సిల్ రాత:
"శనివారం డ్యాన్సుకు పనికిరాదు."
"పెద్దమనుషులు లేచిపోయిన్రు."
"మళ్లీ పెట్టొద్దు."
గా "మళ్లీ పెట్టొద్దు" అట్టనే
అన్నిటికంటె ఎక్కువ నలిగి ఉన్నది.

నౌషాద్ సాబు చెప్తనే ఉన్నడు.
ఇది బెల్టుది, మోటరు దూరముంటది,
దాని వణుకు పళ్లెం దాకా రాదు.
ఇది డైరెక్టుది, మోటరే ఇరుసు,
చెయ్యి తీసేలోపు వేగం అందుకుంటది,
రాక్ డ్రమ్ములకు గిసొంటి పట్టే కావాలె సాబ్.
టోన్‌ఆర్మ్ అట, కార్ట్రిడ్జ్ అట,
సూది మీద రెండు గ్రాముల బరువట.
రెండు గ్రాములు!
నూట ఇరవై టన్నుల కింద పండుకొని బతికినోన్ని,
అయినా నవ్వలే.
అంత పెద్ద చక్రం కూడా పట్టాను తాకేది
రూపాయి బిళ్లంత జాగలనే.

జేబుల నుంచి స్క్రూడ్రైవర్ తీసిన.
"అరే సాబ్!" అని ఆయన కుర్చీల నుంచి సగం లేచిండు.
తిరిగే పళ్లెం కింద, ఇరుసు పక్కన, మెల్లగ.
నాలుగు లక్షలది: ఏమీ లేదు.
లైన్ బ్లాక్ తీసుకున్న రాత్రి
సెక్షన్ల ఎంత ఏమీ ఉండదో, గంత ఏమీ లేదు.
రెండోది: అడుగున సన్నగ గునుగుడు,
వంటింట్ల మా వజ్రమ్మ గునిగినట్టు,
కోపమో సంబురమో తేలకుండ.

చెవి నాలుగు లక్షల దిక్కే మొగ్గింది.
అబద్ధమెందుకు.

అప్పుడొచ్చింది రామగుండం దిక్కు నుంచి బొగ్గు ర్యాకు.
మా ఇల్లు పట్టాలకు రెండొందల గజాలు.
అల్మారల గిలాసలు మాట్లాడుకున్నయి.
నాలుగు లక్షలది స్ప్రింగుల మీద ఊగి
సూది ఎగిరి, సగం పాట మింగి, చివర్ల పడ్డది.
"ఇల్లు మారుండ్రి సాబ్," అన్నడు నౌషాద్.

గునుగుడుదాన్ని గ్రానైటు పలక మీదికి ఎక్కించిన.
కరీంనగర్ పాలిషు యూనిట్ల మా బామ్మర్ది ఓదేలు
పక్కకు పడేసిన గోధుమరంగు ముక్క,
నలభై కిలోలు, ఒక మూల పగులు.
ఇంకో ర్యాకు పోయింది. సూది కదల్లే.

అప్పుడు పెట్టిన, "మళ్లీ పెట్టొద్దు".
రెండో పక్క, మూడో పాట.
డ్రమ్ములు తలుపు తన్నుకొని వచ్చినయి,
గిటారు లేచే జాగల మాత్రం గరగర, గరగర.
కండ్లద్దాలు పెట్టుకొని వంగి చూస్తే
వేలెడంత మేర గాడి తెల్లబడ్డది.
ఎవరో సూది ఎత్తి మళ్లా గక్కడనే పెట్టి,
మళ్లా ఎత్తి, మళ్లా గక్కడనే.
పెద్దమనుషులు లేచిపోయినంక,
కుర్చీలు మడిచినంక.
పెన్సిల్ పట్టిన చెయ్యేనేమో.

"కొత్త ప్రెస్సింగు తెప్పిస్త," అన్నడు నౌషాద్.
వద్దన్న. చెక్కు రాసిన.
అంకె చూసి వజ్రమ్మ
"గీ గరగరకా?" అన్నది.
నోరు తెరిచేలోపు
అప్ లైన్ల ఇంకో బండి కూత.
అవసరం లేకున్నా
ముగ్గురం పలక అంచు పట్టుకొని నిలబడ్డం.